కాథోడ్ పక్కన కాస్త చోటు

నైలాన్ 66 దారానికి రెండు ముడిసరుకులు కావాలి. రెండింటిలోనూ ఆరేసి కార్బన్లు ఉంటాయి. వాటిలో ఒకటైన డైఅమీన్‌ను చేయాలంటే ముందు అడిపోనైట్రైల్ అనే ద్రవం తయారు కావాలి. డ్యూపాంట్ కంపెనీ ఒకప్పుడు దీన్ని మొక్కజొన్న కండెల నుంచి, ఓట్ల పొట్టు నుంచి తీసిన ఫర్‌ఫ్యురాల్‌తో మొదలుపెట్టి చేసేది. పెట్రోలియం నుంచి వచ్చే బ్యూటాడైఈన్‌తో ఇంకో దారి ఉంది. ఎటు వెళ్ళినా మజిలీలు ఎక్కువ, సయనైడుతో సావాసం తప్పదు.

1950ల చివర్లో మోన్‌శాంటో కంపెనీలో చేరిన మాన్యుయెల్ బైజర్‌కు కాగితం మీద ఇంతకంటే తేలికైన దారి కనిపించింది. యాక్రిలోనైట్రైల్ అణువులో మూడు కార్బన్లుంటాయి. అలాంటివి రెండు తెచ్చి కొసా కొసా కలిపితే ఆరు కార్బన్లయి, అచ్చంగా అడిపోనైట్రైల్ తయారవుతుంది. దానికి కావలసిందల్లా రెండు ఎలక్ట్రాన్లు, రెండు ప్రోటాన్లు. ఎలక్ట్రాన్లు కాథోడ్ ఇస్తుంది, ప్రోటాన్లు నీళ్ళిస్తాయి. పైగా 1960లో సోహయో కంపెనీ ప్రొపిలీన్, అమ్మోనియా, గాలి కలిపి నేరుగా యాక్రిలోనైట్రైల్ చేయడం మొదలుపెట్టడంతో సరుకు చవకైంది.

కరెంటుతో కర్బన అణువులను అతికించడం అప్పటికే పాత విద్య. 1840ల్లో జర్మనీలో హెర్మన్ కోల్బె ఎసిటేట్ ద్రావణంలోకి కరెంటు పంపితే ఆనోడ్ దగ్గర ఒక వాయువు వచ్చింది. మిథైల్ అనే ముక్కను విడిగా పట్టుకున్నానని ఆయన సంబరపడ్డాడు. తీరా చూస్తే రెండు మిథైల్ ముక్కలు ఒకదానికొకటి అతుక్కుని ఈథేన్ అయి కూర్చున్నాయి. ఆ తర్వాత వందేళ్ళలో కాస్టిక్ సోడా, క్లోరిన్, అల్యూమినియం చేసేవాళ్ళు కరెంటునే నమ్ముకుని బాగుపడ్డారు గానీ, కర్బన రసాయనాల వాళ్ళు మాత్రం దాని జోలికి పెద్దగా పోలేదు. కరెంటు మొరటుదని, ఎక్కడ ఆగాలో దానికి తెలియదని ఒక అపనమ్మకం. ఆ అపనమ్మకంలో కొంత నిజముంది.

యాక్రిలోనైట్రైల్‌నే చూడండి. నీళ్ళలో కరిగించి కరెంటు పెడితే, కాథోడ్ దగ్గర ఎలక్ట్రాన్ అందుకున్న అణువు తన జోడీ కోసం ఆగదు. పక్కనే ఉన్న నీటి నుంచి ప్రోటాన్లు లాక్కుని ప్రొపియోనైట్రైల్ అయిపోతుంది. మూడు కార్బన్ల దగ్గరే కథ ముగుస్తుంది. బైజర్ గొప్పతనమంతా ఇక్కడే ఉంది. ఆయన కరెంటును మార్చలేదు, కాథోడ్‌కు ఆనుకుని ఉండే పొరను మార్చాడు.

అందుకు వాడింది ఒక లవణం. దానిలో నైట్రోజన్ చుట్టూ నాలుగు ఇథైల్ గుంపులుంటాయి, ఆ భాగం మీద ధనావేశం. ధనావేశం కాబట్టి కాథోడ్ దాన్ని దగ్గరికి లాక్కుంటుంది. ఇథైల్ గుంపులేమో జిడ్డు జాతి, నీళ్ళంటే పడదు. దాంతో లోహాన్ని అంటిపెట్టుకున్న సన్నటి పొరలో నీళ్ళు పలచబడి, యాక్రిలోనైట్రైల్ చిక్కబడుతుంది. ఎలక్ట్రాన్ అందుకున్న అణువు పక్కకు చూస్తే ఇప్పుడు కనిపించేది నీళ్ళు కాదు, ఇంకో యాక్రిలోనైట్రైల్. నీళ్ళను పూర్తిగా తరిమేసినా పని చెడుతుంది, చివర్లో ప్రోటాన్లు ఇవ్వాల్సింది అవే. లవణం మాత్రం చర్యలో ఖర్చు కాదు. 1964లో బైజర్ ఈ సంగతులు ప్రచురించాడు. మరుసటి ఏడే అలబామా రాష్ట్రంలో, టెనెసీ నది ఒడ్డునున్న డెకేటర్‌లో కర్మాగారం నడిచింది.

కరెంటు ఎంత కావాలో లెక్క కట్టడం కష్టం కాదు. కిలో అడిపోనైట్రైల్‌కు సుమారు 500 ఆంపియర్-గంటలు. మన ఇళ్ళల్లో ఉండే 150 ఆంపియర్-గంటల ఇన్వర్టర్ బ్యాటరీలు మూడింటి కంటే కాస్త ఎక్కువ. ఈ లెక్క ఎవరూ తగ్గించలేనిది. తగ్గించగలిగింది వోల్టేజీనే. మొదటి సెల్లులో సీసపు కాథోడ్‌కూ ఆనోడ్‌కూ మధ్య ఒక పొరను అడ్డం పెట్టేవారు. ఆ అడ్డు దాటడానికే చాలా శక్తి వేడిగా పోయేది. సెల్లుకు 12 వోల్టుల దాకా పట్టేది, కిలోకు ఆరున్నర యూనిట్లకు పైనే కాలేది.

1970ల్లో వచ్చిన రెండో తరం సెల్లు ఆ అడ్డును తీసేసింది. మామూలు ఉక్కు పలకలను సుమారు రెండు మిల్లీమీటర్ల ఎడంతో వరసగా పేర్చారు. ప్రతి పలకకూ ఒక ముఖాన కాడ్మియం పూత, అది కాథోడ్. రెండో ముఖం ఉత్త ఉక్కు, అదే ఆనోడ్. సందుల్లోంచి నూనె, నీళ్ళు కలిసిన ఎమల్షన్ జోరుగా పారుతుంది. ఇక్కడే కొత్త తలనొప్పి మొదలైంది. ఆనోడ్ వైపు ఇనుము కొద్దికొద్దిగా కరిగి, ఎదురుగా ఉన్న కాడ్మియం మీద పేరుకునేది. ఇనుము పేరుకున్న చోట అడిపోనైట్రైల్‌కు బదులు హైడ్రోజన్ బుడగలు వచ్చేవి. బోరేట్లు, ఫాస్ఫేట్లు వేసి ఉక్కు తినిపోకుండా చూసి, కరిగిన ఇనుమును పట్టి ఉంచడానికి ఈడీటీఏ కలిపాక గానీ సెల్లు దారికి రాలేదు. అప్పుడు నాలుగు వోల్టులు, కిలోకు రెండున్నర యూనిట్లు చాలాయి.

ఇంతా చేస్తే మార్కెట్ గెలిచిందా అంటే, లేదు. సరిగ్గా ఆ కాలంలోనే డ్యూపాంట్ నికెల్ ఉత్ప్రేరకంతో బ్యూటాడైఈన్‌కు నేరుగా హైడ్రోజన్ సయనైడు చేర్చే పద్ధతి తెచ్చింది. ప్రపంచపు అడిపోనైట్రైల్‌లో పెద్ద వాటా దానికే పోయింది. కర్బన రసాయనాల్లో కరెంటుతో నడిచిన అతి పెద్ద పరిశ్రమ అన్న పేరు మాత్రం బైజర్ సెల్లుకు మిగిలింది. కరెంటుతో చేశాం కాబట్టి పచ్చటి రసాయనం అని ఈమధ్య ఊదరగొట్టేవాళ్ళు ఒక సంగతి గమనించాలి. బొగ్గు కాల్చి తెచ్చిన కరెంటైతే పొగగొట్టం ఊరు మారిందంతే. యాక్రిలోనైట్రైల్ కూడా పెట్రోలియం బిడ్డే, పైగా విషం.

కరెంటును సరైన చోట ఆపే సమస్యను మన దేశంలో ఇంకో వైపు నుంచి పట్టుకున్నారు. నైట్రోబెంజీన్‌కు కరెంటు పెడితే, కాథోడ్ వోల్టేజీని బట్టి వచ్చే పదార్థం మారుతుందని 1898లోనే జర్మనీలో ఫ్రిట్జ్ హేబర్ చూపించాడు. ఆమ్లంలో, సగం దారిలో ఆపగలిగితే పారా అమినోఫినాల్ వస్తుంది. జ్వరమొస్తే మనం మింగే పారాసిటమాల్‌కు అది ముడిసరుకు. ఆపలేకపోతే అనిలీన్. అళగప్ప చెట్టియార్ ఇచ్చిన 300 ఎకరాల్లో, 15 లక్షల రూపాయల విరాళంతో తమిళనాడులోని కారైకుడిలో వెలసిన కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధన సంస్థ 1953లో తెరుచుకుంది. అక్కడ హెచ్.వి.కె. ఉడుప బృందం కాథోడ్‌నే గిరగిరా తిప్పే సెల్లులు తయారు చేసింది. నీళ్ళలో సరిగా కరగని నైట్రోబెంజీన్, తిరిగే లోహం దగ్గరికి ఎప్పటికప్పుడు తాజాగా చేరుతుంది. బైజర్ లవణంతో సాధించినదాన్ని వీళ్ళు వేగంతో సాధించారన్నమాట.

ప్రయోగశాలల్లో కరెంటు మీద ఆసక్తి మళ్ళీ పెరిగింది ఈ పదేళ్ళలోనే. 2017లో స్క్రిప్స్ సంస్థలోని ఫిల్ బారన్ బృందంతో కలిసి జర్మనీ కంపెనీ ఐకా, బల్ల మీద పెట్టుకునే ఎలక్ట్రాసిన్ అనే యంత్రాన్ని తెచ్చింది. సెల్లులు బిగించుకోవడం రాని కర్బన రసాయనవేత్త కూడా మీట నొక్కి ప్రయత్నించవచ్చు.

అడిపోనైట్రైల్ దగ్గరికి కూడా కొత్తవాళ్ళు వచ్చారు. కరెంటు ఆపకుండా పారితే కాథోడ్ పక్కన యాక్రిలోనైట్రైల్ తరిగిపోతుంది, కొత్తది చేరేలోపు ప్రొపియోనైట్రైల్ పెరుగుతుంది. న్యూయార్క్ విశ్వవిద్యాలయం వాళ్ళు కొన్ని మిల్లీసెకన్లు కరెంటు ఇచ్చి, కొన్ని మిల్లీసెకన్లు ఆపి చూశారు. ఎంతసేపు ఇవ్వాలో, ఎంతసేపు ఆపాలో వెతికే పని కృత్రిమ మేధకు అప్పజెప్పారు. ఉత్పత్తి దాదాపు 30 శాతం పెరిగిందని 2019లో ప్రకటించారు. అయితే అది ప్రయోగశాల సెల్లులో తేలిన మాట. కర్మాగారంలో వేల ఆంపియర్లను సెకనుకు ఇన్నిసార్లు వేసి ఆపే సరంజామా ఖర్చు వేరే లెక్క.