రాత్రి పూట పశువు ప్రాణం మీదికొస్తే...

పశువుకు ఆపద వేళ చూసుకొని రాదు. పగలంతా బాగానే మేసిన ఎద్దు రాత్రి పది గంటలకు డొక్క ఉబ్బి కొట్టంలో తన్నుకులాడుతుంది. పశువుల దవాఖాన అప్పటికే మూసి ఉంటుంది. ‘తెల్లారినంక చూద్దాం’ అనుకుంటాం. తెల్లారేసరికి ఎద్దు ఉండదు. రెండెకరాల పత్తి మీద బతికే రైతుకు జతలో ఒక ఎద్దు పోతే ఆ ఏటి సేద్యమే ఆగుతుంది. అందుకే ఏ జబ్బు తెల్లారే దాకా ఆగుతుంది, ఏది ఆగదు అన్న సంగతి ప్రతి రైతుకూ తెలిసి ఉండాలి.

ఆగనివి ఆరు

దగ్గు, చిన్న గాయం, ఈనిన రాత్రి మాయ పడకపోవడం వంటివాటికి పొద్దున డాక్టరుకు చూపించినా సరిపోతుంది. కడుపు ఉబ్బరం, జొన్న నాము, పురుగుమందు విషం, పాము కాటు, దూడ అడ్డం తిరగడం, ఈనిన పశువు లేవలేకపోవడం... ఈ ఆరూ ఆగవు. వీటిలో ఏది కనిపించినా ముందు ఫోను చేయాలి, ఆ తర్వాతే మిగతా పని.

పడిపోయిన పశువుకు గొట్టంతో ఏదీ తాపొద్దు. మింగే శక్తి లేనప్పుడు పోసిన మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రోగం చంపకపోయినా ఆ మందే చంపుతుంది. వాతలు పెట్టడం, చెవి కోయడం వల్ల పశువుకు నొప్పి తప్ప లాభం లేదు.

కడుపు ఉబ్బరం: ఎడమ డొక్క ఉబ్బి, వేలితో కొడితే డోలు మోత వస్తుంది. పశువును పడుకోనివ్వకుండా, ముందు కాళ్లు ఎత్తు మీద ఉండేలా నిలబెట్టండి. నోట్లో అడ్డంగా కర్ర పెట్టి కొమ్ములకు కట్టండి. పశువు దాన్ని నమిలితే చొంగ కారి, తేన్పులు వచ్చి గాలి పోతుంది. నిలబడి మింగగలిగితేనే పల్లినూనె 250 నుంచి 500 మిల్లీలీటర్లు మెల్లగా తాపాలి. మేకకు, గొర్రెకు 50 మిల్లీలీటర్లు చాలు. కత్తితో డొక్క పొడవడం మీ పని కాదు.

జొన్న నాము: లేత జొన్నలో, వాన లేక గిడసబారిన జొన్నలో, కోసిన మోళ్ల నుంచి లేచిన పిలకల్లో సైనైడ్ విషం ఉంటుంది. మేసిన కొద్దిసేపట్లోనే పశువు రొప్పుతుంది, వణికి పడిపోతుంది. మిగతా పశువులను వెంటనే చేలోంచి బయటికి తోలండి. విరుగుడు సూది మందు నరానికి ఎక్కించాలి. దానికి నిమిషాలే గడువు. కాబట్టి పూత రాని పచ్చి జొన్నను మేపకపోవడమే అసలైన వైద్యం.

పురుగుమందు: పత్తికి కొట్టిన మందు డబ్బా నాకినా, మందు పడిన గడ్డి మేసినా చొంగ కారుతుంది, ఒళ్లు వణుకుతుంది. ఒంటి మీద మందు పడితే సబ్బు నీళ్లతో బాగా కడగండి. డబ్బా పారేయొద్దు, డాక్టరుకు చూపండి. ఏ మందో తెలిస్తేనే సరైన విరుగుడు పడుతుంది. ఇంటి కుక్క ఎలుకల మందు తిన్నా ఇదే పద్ధతి.

పాము కాటు: కోయొద్దు, గట్టిగా కట్టొద్దు, నడిపించొద్దు. కదిలితే విషం తొందరగా పాకుతుంది. కాటు పడిన వేళ గుర్తు పెట్టుకోండి.

ఈత కష్టం: మామూలుగా రెండు ముందు కాళ్లు, వాటి మీద మూతి కనిపిస్తాయి. నీటి సంచి పగిలి గంట దాటినా ఏమీ కనిపించకపోతే ఆలస్యం చేయొద్దు. బర్రెల్లో గర్భసంచి మెలిక పడటం ఎక్కువ. నొప్పులు వచ్చి ఆగిపోతాయి, నీటి సంచి కూడా రాదు. నలుగురు కూడి తాడు కట్టి గుంజితే తల్లీ దూడా రెండూ పోతాయి.

పాల జ్వరం: పేరుకే జ్వరం, ఒళ్లు మాత్రం చల్లబడుతుంది. ఎక్కువ పాలిచ్చే పశువు ఈనిన మూడు రోజుల్లోపు కూలబడి, మెడ డొక్క వైపు తిప్పి పడుకుంటుంది. గడ్డి మోపులు ఆనించి రొమ్ము మీద కూర్చోబెట్టండి. పక్కకు ఒరగనివ్వొద్దు. డాక్టరు కాల్షియం ఎక్కిస్తే చాలా పశువులు కొన్ని గంటల్లోనే లేస్తాయి.

ఎవరిని పిలవాలి?

2017లో తెలంగాణ ప్రభుత్వం సంచార పశువైద్య వాహనాలు ప్రారంభించింది. వీటి ఫోను నంబరు 1962. అయితే ఈ బండ్లు ముఖ్యంగా పగటి పూట కోసం పెట్టినవి. మీ మండలంలో ఏ వేళ దాకా వస్తాయో ఇప్పుడే అడిగి తెలుసుకోండి. మీ దవాఖాన డాక్టరు, గోపాలమిత్ర నంబర్లు కొట్టం గోడ మీద పెద్ద అక్షరాలతో రాయండి. ఫోను సరిగా అందని గూడేల్లో ఉన్నవారు సిగ్నలు ఎక్కడ దొరుకుతుందో, రాత్రి ఎవరి ట్రాలీ ఆటో కదులుతుందో ముందే మాట్లాడి పెట్టుకోవాలి.

ఫోనులో ‘పశువుకు బాగలేదు’ అంటే సరిపోదు. ఏ పశువు, ఎప్పుడు ఈనింది, ఏం మేసింది, ఎప్పటి నుంచి ఇట్లుంది, నిలబడుతుందా లేదా... ఈ ఐదూ చెప్పండి. డాక్టరు ఆ రాత్రి రాలేకపోయినా, ఫోనులోనే ఏం చేయాలో చెప్పగలుగుతాడు.

కొట్టంలో ఒక సంచి కట్టి ఉంచండి. టార్చిలైటు, తాడు, అర లీటరు పల్లినూనె, సబ్బు, శుభ్రమైన గుడ్డ అందులో ఉంటే చాలు. రాత్రి పడుకునే ముందు లైటు పట్టుకొని పశువులను ఒక్కసారి చూసి రండి. నెమరు వేస్తున్న పశువు క్షేమంగా ఉన్నట్టే. నెమరు ఆపి డొక్క చూసుకుంటుంటే మాత్రం ఆ రాత్రి నిద్ర మానుకొని కనిపెట్టి ఉండాలి.