మనం ఛీకొట్టే పక్షికి దేవుడప్పగించిన పని

మన తెలుగులో పక్షులకు రెండు రకాల బతుకులున్నాయి. చిలక పలుకులు, కోకిల గానం, నెమలి నాట్యం, హంస నడక అంటే మెచ్చుకోలు. కాకిగోల, కాకి లెక్కలు, కొంగ జపం, గుడ్లగూబ చూపులు అంటే ఎత్తిపొడుపు. ఎవరైనా పేదల సొమ్ము దోచుకుంటే ‘రాబందుల్లా పీక్కు తింటున్నారు’ అంటాం. ఆఖరికి ఒక రకం కాకికి కులం పేరు తగిలించి పిలిచిన భాష కూడా మనదే! వడియాలు ఆరబెట్టిన చోట కాకి వాలితే కర్ర పుచ్చుకుంటాం. బాల్కనీ నిండా రెట్టలు వేసే పావురాలను చూసి విసుక్కుంటాం. ‘ప్రభువును నమ్ముకున్నాం, మాకు శకునాల్లేవు’ అని సాక్ష్యం చెప్పుకునే ఇళ్లలో సైతం, అర్ధరాత్రి గుడ్లగూబ కూసిందంటే పెద్దవాళ్ల గుండె కాస్త గుబుక్కుమంటుంది. పొలంలో ఎలుకలను పట్టి పంటను కాపాడే పక్షి అదేనన్న సంగతి ఆ క్షణంలో ఎవరికీ గుర్తుకు రాదు.

ఒక్క మాట ముందే చెప్పుకోవాలి. పక్షులు పెట్టే ఇబ్బంది ఉత్తి అపోహ కాదు. జొన్న కంకి పాలు పోసుకునే రోజుల్లో మంచె ఎక్కి వడిసెల తిప్పే రైతును అడిగితే తెలుస్తుంది. విశ్వాసులకు తండ్రి అయిన అబ్రాహాము కూడా తాను దేవునికి సిద్ధపరచిన బలి మీద గద్దలు వాలినప్పుడు ఊరకుండలేదు, వాటిని తోలివేశాడు (ఆదికాండము 15:11). కాబట్టి పక్షిని తోలడం పాపం కాదు. అయితే విసుగు కాస్తా అసహ్యంగా, అసహ్యం కాస్తా ‘ఇది ఎందుకు పుట్టిందో’ అనే తీర్పుగా మారినప్పుడే మనం సృష్టికర్త పనిలో వేలు పెడుతున్నాం. ఐదవ దినాన దేవుడు రెక్కలున్న ప్రతి పక్షినీ దాని జాతి ప్రకారం సృజించి, అది మంచిదని చూశాడని లేఖనం చెబుతోంది (ఆదికాండము 1:21). అక్కడ కాకికి గానీ గుడ్లగూబకు గానీ మినహాయింపు లేదు.

‘మరి బైబిలే కొన్ని పక్షులను అపవిత్రమన్నది కదా?’ అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. లేవీయకాండము 11వ అధ్యాయంలో అలాంటి జాబితా ఉంది. గద్ద, కాకి, గుడ్లగూబ, కొంగ, చివరికి గబ్బిలం వరకు అందులో ఉన్నాయి. అయితే ఆ ఆజ్ఞ దేన్ని గురించినదో కాస్త నిదానంగా చదవాలి. వాటిని తినకూడదని దేవుడు ఇశ్రాయేలీయులకు చెప్పాడు. వాటిని లోకంలో లేకుండా చేయమని చెప్పలేదు. నోవహు ఓడలో అపవిత్ర జంతువులకు కూడా చోటు దొరికింది. ఓడలో నుంచి మొదట బయటికి పంపబడినది పావురం కాదు, కాకి!

ఆ జాబితాలో మొట్టమొదటి పేరు ఇంకా ఆశ్చర్యం కలిగిస్తుంది. హెబ్రీ భాషలో దాన్ని ‘నెషెర్’ అంటారు. మన తెలుగు బైబిలులో ‘పక్షిరాజు’ అని చదువుకుంటున్నాం. మీకా ప్రవక్త ఇదే పక్షిని బోడితలకు పోలికగా చెప్పాడు (మీకా 1:16). తల మీద ఈకలు లేనిది డేగ కాదు, రాబందు జాతి పక్షి. అందుకే నెషెర్ అంటే రాబందే అయి ఉండవచ్చునని అనేకమంది బైబిలు పండితుల అభిప్రాయం. ఇశ్రాయేలీయులను ఐగుప్తులో నుంచి రెక్కల మీద మోసుకొచ్చానని దేవుడు చెప్పినప్పుడు (నిర్గమకాండము 19:4), ఆయన కోసం కనిపెట్టుకునేవారు రెక్కలు చాపి పైకెగురుతారని యెషయా ధైర్యపరచినప్పుడు (యెషయా 40:31) వాడిన మాట కూడా ఇదే. తినకూడని పక్షుల వరుసలో మొదట నిలబెట్టిన దానినే తన ప్రేమకు పోలికగా చెప్పుకోవడానికి దేవుడు సిగ్గుపడలేదు. అదే జాబితా చివర్లో ఉన్న ఒక కొంగజాతి పక్షికి హెబ్రీ పేరు ‘హసీదా’. నమ్మకమైన ప్రేమ, కృప అనే అర్థాలున్న ‘హెసెద్’ అనే మాటలో నుంచి పుట్టిన పేరది.

ఇక కాకి సంగతి చూద్దాం. అహాబు రాజు కాలంలో దేశమంతటా కరవొచ్చినప్పుడు ఏలీయా కెరీతు వాగు దగ్గర దాగి ఉన్నాడు. ఉదయం, సాయంత్రం రొట్టె, మాంసం తెచ్చి ఆయనను బతికించినవి కాకోలాలు (1 రాజులు 17:1–6). కాకోలం అంటే కాకి జాతిదే. ఎంగిలి మెతుకు కోసం కొట్లాడుకునే పక్షి, నోట కరచుకున్న మాంసాన్ని తాను మింగకుండా ప్రవక్త దగ్గరకు చేర్చింది. పావురాన్నో పిచ్చుకనో పంపడం దేవునికి కష్టం కాదు. ధర్మశాస్త్రాన్ని ఎరిగిన ప్రవక్తకు అపవిత్రమైన పక్షి చేత భోజనం పంపించాడు. ఆకలితో అరిచే కాకిపిల్లలకు ఆహారమిచ్చేది దేవుడేనని యోబు గ్రంథం, 147వ కీర్తన సాక్ష్యమిస్తున్నాయి. రేపటి గురించి దిగులుపడే శిష్యులకు ధైర్యం చెప్పడానికి యేసుప్రభువు చూపించినది కూడా, లూకా సువార్త ప్రకారం, కాకులనే (లూకా 12:24). విత్తకుండా, కోయకుండా, కొట్టు లేకుండా బతికే వాటిని దేవుడు పోషిస్తున్నాడన్నాడు. మనం రాయి విసిరి తోలే పక్షి ప్రభువు బోధలో పాఠమైంది.

కాకి చేసే ఇంకో మేలు మన పెరటి చెట్టు మీదే జరుగుతుంది. కోకిల తానుగా గూడు కట్టదు. కాకి గూట్లో గుడ్డు పెట్టి వెళ్లిపోతుంది. ఆ పిల్లకు కడుపు నింపి రెక్కలొచ్చేదాకా సాకేది కాకే. పాట విని మనం మురిసిపోయే గొంతు వెనక, మనం తిట్టుకునే పక్షి పడిన శ్రమ ఉంది.

అసహ్యించుకున్న పక్షి నిజంగానే కనబడకుండా పోతే ఏమవుతుంది? దీనికి జవాబు మన దేశమే చూసింది. ఒకప్పుడు మన ఊళ్ల బయట కళేబరం పడితే రాబందులు గుంపులుగా దిగేవి. కొద్ది గంటల్లో ఎముకలు తప్ప ఏమీ మిగిల్చేవి కావు. వాటి కడుపులోని ఆమ్లం ఎంత ఘాటైనదంటే, కుళ్లిన మాంసంలోని రోగక్రిములు చాలావరకు అక్కడే చచ్చిపోతాయి. 1990ల నుంచి అవి నేలరాలడం మొదలైంది. తెల్లవీపు రాబందుల సంఖ్య 1992తో పోలిస్తే 2007 నాటికి వెయ్యికి ఒకటి అన్నంతగా పడిపోయింది. వాటిని ఎవరూ తుపాకీతో కాల్చలేదు. పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చే డైక్లోఫెనాక్ అనే మందు కళేబరంలో మిగిలి ఉంటే, ఆ మాంసం తిన్న రాబందుల మూత్రపిండాలు పాడైపోతున్నాయని 2004లో శాస్త్రవేత్తలు కనిపెట్టారు. 2006లో మన ప్రభుత్వం ఆ మందును పశువైద్యంలో నిషేధించింది. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ అనే మరో రెండింటిని కూడా నిషేధించింది. అప్పటికే జరగాల్సిన నష్టం చాలావరకు జరిగిపోయింది. రాబందు ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది మరి.

ఆ నష్టం పక్షులతో ఆగలేదు. కళేబరాలు ఊరి బయట కుళ్లిపోయాయి. నీళ్లు చెడిపోయాయి. వీధికుక్కలు పెరిగాయి. వాటితో కుక్కకాటు, రేబిస్ భయం పెరిగింది. ఇయాల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2024లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, రాబందులు లేకపోవడం వల్ల 2000 నుంచి 2005 వరకు మన దేశంలో అదనంగా సుమారు 5 లక్షల మంది చనిపోయి ఉంటారని అంచనా. ఐదు లక్షలు! ‘ఛీ, పీనుగులు తినే పక్షి’ అని మొహం తిప్పుకున్నాం. అది తినడం మానేశాక గానీ, అన్నాళ్లూ అది మనకు కావలి కాస్తోందని తెలియలేదు. 2013లో అప్పటి ఆదిలాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల్లో, పాలరాపు గుట్ట మీద రాబందుల గూళ్లు కనబడినప్పుడు అది పెద్ద వార్త అయింది. మన తాతలు రోజూ చూసిన పక్షి మనకు వార్త అయిందంటే ఏం పోగొట్టుకున్నామో అర్థమవుతుంది.

ఈ సంగతి పక్షుల దగ్గర ఆగితే బాగుండేది. మన అసహ్యం అక్కడ ఆగదు. మురికిని తీసేవారిని మురికిగా చూడటం మన సమాజానికి పాత జబ్బు. పేతురుకు కూడా ఈ పాఠం నేర్పాల్సి వచ్చింది. యొప్పేలో మిద్దె మీద ప్రార్థిస్తున్నప్పుడు ఆకాశం నుంచి పెద్ద దుప్పటి వంటిది దిగడం ఆయన చూశాడు. అందులో జంతువులు, పాకే పురుగులతో పాటు ఆకాశపక్షులు కూడా ఉన్నాయి. అంటే లేవీయకాండపు జాబితా రెక్కలతో సహా ఆయన ముందుకు వచ్చిందన్నమాట. దేవుడు పవిత్రం చేసిన దానిని నిషిద్ధమనవద్దని మూడుసార్లు ఆయనకు చెప్పవలసి వచ్చింది. ఆ దర్శనం భోజనం గురించి మాత్రమే కాదని, ఏ మనిషినీ అపవిత్రుడని అనకూడదని దాని భావమని కొర్నేలీ ఇంటికి వెళ్లాక పేతురు ఒప్పుకున్నాడు (అపొస్తలుల కార్యములు 10:28). ఇంతకూ ఆ దర్శనం కలిగినప్పుడు పేతురు బస చేసిన ఇల్లు ఎవరిది? చర్మకారుడైన సీమోనుది. చచ్చిన పశువుల తోళ్లతో పని చేసేవాడని యూదులు దూరం పెట్టే మనిషి ఇంటి మిద్దె మీదే సంఘానికి కొత్త ద్వారం తెరుచుకుంది.

మన తెలుగు సంఘాల చరిత్రకు ఇది ఎంత దగ్గరగా ఉందో చూడండి. ఒంగోలులో సేవ చేసిన బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ దొర దగ్గరకు తొలిరోజుల్లో పై కులాలవారు వచ్చారు. మాదిగలను చేర్చుకుంటే మాత్రం తాము రామన్నారు. ఏం చేయాలో తోచక దొర, దొరసాని విడివిడిగా బైబిలు తెరిస్తే, లోకంలో నీచులను, తృణీకరింపబడినవారిని దేవుడు ఏర్పరచుకున్నాడని చెప్పే ఒకే భాగం (1 కొరింథీ 1:26–28) ఇద్దరికీ కనిపించిందని ఆ మిషను చరిత్ర చెబుతోంది. 1876–78 నాటి ఘోరమైన కరవు తరువాత, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు. ఊరి పశువు చస్తే మోసుకెళ్లి, తోలు తీసి, చెప్పులు కుట్టి, మోట బావికి తొండం కుట్టిచ్చిన చేతులవి. ఆ చేతులనే ఊరు అంటరానివంది. ఆ చేతులే ఆంధ్రదేశంలో అనేక సంఘాలకు పునాదిరాళ్లు మోశాయి.

మనుషులను పక్షులతో పోల్చడానికి మేము ఈ మాట రాయడం లేదు. దేవుని స్వరూపంలో సృజింపబడిన మనిషికి ఆ పోలిక తగదు. రెండుచోట్లా ఒకేలా పనిచేసే మన అసహ్యాన్ని గుర్తుపట్టమని మాత్రమే రాస్తున్నాం. 1895లో వినుకొండలో పుట్టిన మహాకవి గుర్రం జాషువా దీన్ని ఎప్పుడో గుర్తుపట్టారు. కాళిదాసు యక్షుడు మేఘాన్ని దూతగా పంపితే, 1941లో వెలువడిన జాషువాగారి కావ్యంలో అంటరానివాడు తన గోడు శివునికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. అతనికి ప్రవేశం లేని గుడిలోకి గబ్బిలం వెళ్లగలదు మరి! లేవీయకాండపు జాబితాలో చిట్టచివరి పేరు, అందరూ అశుభమని తరిమేసే ప్రాణి, ఆ కావ్యానికి పేరైంది.

మరి ఈనాడు మన మాట? పొద్దున్నే వీధిలో బండి వచ్చి ఆగితే ‘చెత్తవాడొచ్చాడు’ అని లోపలికి కేకేస్తాం. చెత్త వేసింది మనం, పేరు మాత్రం తీసేవాడికి! మురుగు గుంతల్లోకి రక్షణ లేకుండా మనుషులను దించకూడదని 2013లోనే చట్టం వచ్చింది. అయినా ఆ గుంతల్లో ఊపిరాడక చనిపోయినవారి వార్తలు చదువుతూనే ఉన్నాం. ఆదివారం తెల్లవారకముందే మందిరం ఊడ్చి, మరుగుదొడ్లు కడిగి, మనం కూర్చునే చాపలు దులిపే ఆ అమ్మ పేరు సంఘంలో ఎంతమందికి తెలుసు? ఆరాధన మొదలయ్యాక ఆమె ఎక్కడ కూర్చుంటోంది? ప్రేమవిందులో ఆమెకు విస్తరి ఏ వరుసలో పడుతోంది? పిల్లల పెళ్లి సంబంధాలు మాట్లాడుకునేటప్పుడు మనం మెల్లగా అడిగే ప్రశ్న ఏమిటి? తాతలు అంటరానితనం అనుభవించిన సంఘమే ఇంకొకరిని దూరంగా కూర్చోబెడితే, పేతురు చూసిన దుప్పటి మన మీదికి మళ్లీ దిగవలసిందే.

చేయగలిగిన పనులు పెద్దవేమీ కావు. పశువులున్నవారు నొప్పి మందు కొనేటప్పుడు రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ ఇమ్మని పశువైద్యుణ్ని అడగవచ్చు. ఎండాకాలంలో మిద్దె మీద ఒక మూకుడు నీళ్లు పెడితే పిచ్చుకలతో పాటు కాకి కూడా తాగుతుంది, తాగనివ్వాలి. గుడ్లగూబ కూస్తే శకునాలు వెతక్కుండా, ఆ రాత్రికి అది పని మీద వచ్చిందనుకుని నిద్రపోవాలి. సండే స్కూలు పిల్లలకు ఏలీయా కథ చెప్పేటప్పుడు ఆ కాకోలాలు ధర్మశాస్త్రం అపవిత్రమన్న పక్షులేనని కూడా చెప్పాలి. వీటన్నిటికంటే ముందుగా, వచ్చే ఆదివారం మందిరం ఊడ్చే అమ్మ పేరు కనుక్కుని, పేరుపెట్టి పిలిచి, మన పక్కన కూర్చోబెట్టుకోవాలి.

ఆకలిగొన్న కాకిపిల్లల అరుపు వినే దేవుడు, తాను సృజించిన దేనినీ, ఎవరినీ హీనంగా చూడని మనసు మనకు అనుగ్రహించును గాక!