బెరడు ఒలవద్దు, గింజలు ఏరుకుందాం

జులై ఒకటో తారీకు వచ్చిందంటే బాబ్లీ దగ్గర గోదావరి మీద బ్యారేజీ గేట్లు లేపుతారు. 2013లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం అక్టోబర్ 28 దాకా అవి తెరిచే ఉండాలి. నీళ్లు కిందికి శ్రీరాంసాగర్ వైపు పోతాయి. ఇంచుమించు అవే రోజుల్లో ఈ ఊళ్లల్లో వేపపండ్లు రాలుతుంటాయి. గేట్ల ముచ్చట ఏటా పేపర్లో వస్తుంది, వేపపండ్ల ముచ్చట ఎవరూ రాయరు. అందుకే ఈ నెల అదే రాస్తున్నా.

మన మిల్లు కుటుంబాల్లో చాలామందికి ఊళ్లో ఎకరమో రెండెకరాలో ఉంటుంది. షిఫ్టు లేని రోజు పోయి మందు కొట్టి వస్తాం. మా మేనమామది బాబ్లీ పక్కనే ఒక ఊరు. మూడేండ్ల కింద పత్తికి మందు కొడుతూ చేన్లోనే వాంతులు చేసుకుని పడిపోయిండు. దుకాణాయన చెప్పిండని రెండు మందులు కలిపి, మూతికి గుడ్డ కూడా కట్టుకోకుండా కొట్టిండు. బతికి బయటపడ్డాడు, అదే మాకు పదివేలు. మన పక్కనున్న యవత్‌మాల్ జిల్లాలో 2017లో ఇట్లాగే మందు కొడుతూ ఇరవై మందికి పైగా రైతులు, కూలీలు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

ఆ భయంతో మామ చెట్టు మందుల వైపు తిరిగిండు. వేప బెరడు కషాయం మంచిదని ఎవరో చెప్తే, ఇంటి ముందున్న పెద్ద వేపచెట్టుకు మోకాలెత్తు నుంచి నడుమెత్తు దాకా చుట్టూతా బెరడు ఒలిచిండు. కషాయం కాచి కొట్టిండు. ఈ ఎండాకాలం ఆ చెట్టు ఆకు రాల్చింది. మళ్లీ చిగురు పెట్టలేదు.

ఎందుకట్లయింది? ఆకుల్లో తయారైన ఆహారం వేర్లకు దిగేది బెరడు లోపలి పొరలో నుంచే. చుట్టూతా ఒలిస్తే దారి తెగినట్టే. వేర్లు ఆకలితో చచ్చిపోతాయి, వాటి వెనకాలే చెట్టూ పోతుంది.

బెరడులో పస లేదని కాదు. తురకవేప జాతి చెట్టు బెరడు నుంచి చైనాలో కూరగాయల పురుగుమందు తీస్తారు. అయితే వేప సంగతి వేరే. పురుగును ఆపే అజాడిరక్టిన్ అనే చేదు పదార్థం ఎక్కువగా ఉండేది గింజ లోపలి పప్పులో. 1962లో ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు వేపపప్పు నీళ్లు చల్లిన పైరును మిడతలు ముట్టలేదని చూపించారు. ఇది తగిలిన పురుగు అక్కడికక్కడే చావదు. తిండి మానేస్తుంది, కుబుసం విడవలేకపోతుంది, ఎదగకుండానే పోతుంది. కొట్టిన తెల్లారే చూసి ‘ఏం పని చేయలేదు’ అనుకోవద్దు.

ఇంట్లో చేసుకునే పద్ధతి ఇది. రాలిన పండ్ల గుజ్జు కడిగేసి, గింజల్ని నీడలో ఆరబెట్టి గోనెసంచిలో దాచండి. బూజు పట్టిన గింజలు పనికిరావు. మందు కొట్టే ముందురోజు పొట్టు తీసిన పప్పు 5 కిలోలు దంచి, గుడ్డలో మూటకట్టి, 10 లీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టండి. పొద్దున మూట బాగా పిండి, నీళ్లు వడకట్టి, 100 గ్రాముల సబ్బుపొడి కలిపి, మొత్తం 100 లీటర్లు చేయండి. ఎండకు దీని పస పోతుంది కాబట్టి సాయంత్రమే కొట్టాలి. చేసిన రోజే వాడెయ్యాలి.

పేనుబంక, పచ్చదోమ, తెల్లదోమ, ఆకు తినే చిన్న పురుగులకు ఇది ఆనుతుంది. కాయ లోపలికి దూరిన గులాబీ పురుగును మాత్రం ఏం చేయలేదు. దానికి లింగాకర్షక బుట్టలు పెట్టాలి, గుడ్డిపూలు ఏరెయ్యాలి, పంట కాగానే పత్తికట్టె తీసెయ్యాలి. చెట్టు మందే కదా అని అలుసు చేయొద్దు, మూతికి గుడ్డ కట్టుకోండి. వేపనూనె చంటిపిల్లల నోట్లో అస్సలు పోయొద్దు.

బెరడే కావాలంటే కొట్టేసిన కొమ్మల నుంచో, గాలికి కూలిన చెట్టు నుంచో తీసుకోండి. నిలబడ్డ చెట్టు మొదలు జోలికి పోవద్దు.

ఇదంతా ఉత్త మాట కాదు. పాల్వంచ దగ్గర పునుకుల అనే ఊరు ఇరవై ఏండ్ల కిందే పురుగుమందులు మానేసింది. అక్కడి మహిళా సంఘాలు పట్టుబట్టి మగవాళ్లను ఒప్పించాయి. వేపగింజలు ఏరి, పొడి కొట్టి అమ్ముకోవడం వాళ్లకు కూలి పని కూడా అయింది. మన ఆడవాళ్లకు చేతకానిదా ఇది? ఏటా బియ్యంలో, పప్పులో ఎండిన వేపాకు వేసి పురుగు పట్టకుండా చూసేది వాళ్లే కదా.

ఇంకో మాట. మన చేన్లో కొట్టిన మందు వానకు కడుక్కొని వాగులో కలుస్తుంది, వాగు గోదావరిలో కలుస్తుంది. ఆ గేట్ల కింది నుంచి పోయే నీళ్లు నిజామాబాద్ దిక్కున్న మన అక్కచెల్లెళ్ల ఊళ్ల మీదుగానే పోతాయి.

మామ మొన్న ఫోన్ చేసిండు. పక్కింటోళ్ల వేపచెట్టు కింద పండ్లు రాలుతున్నయట. “నడుం వంగుతలేదురా, పిల్లల్ని తోలుకరా” అన్నడు. ఈ ఆదివారం పోతున్నా. మీరూ ఊరికి పోతే బస్సెక్కే ముందు ఒక గోనెసంచి మడిచి సంకన పెట్టుకోండి.