ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక: పక్షవాతం, తల గాయం తరువాతి పునరావాస చికిత్స

పక్షవాతం వచ్చినవారినీ, ప్రమాదంలో తలకు దెబ్బ తగిలినవారినీ ఆసుపత్రి నుంచి ఇంటికి పంపిన రోజున, గండం గడిచిందని కుటుంబం ఊపిరి పీల్చుకుంటుంది. అయితే నడక, మాట, చేతి పట్టు, జ్ఞాపకశక్తి తిరిగి సంపాదించుకునే పని అప్పటికి మొదలు మాత్రమే అవుతుంది. బాగేపల్లి ప్రాంతం నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇందులో మరొక చిక్కు ఉంది. వైద్యం బెంగళూరులో జరుగుతుంది. పెద్దవారి సంరక్షణ తరచుగా ఊళ్లో సాగుతుంది. ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు కన్నడం, ఆసుపత్రి చీటీ ఇంగ్లీషు. ఈ మూడు భాషల మధ్య రోగి అవసరం మరుగున పడకుండా చూడడం కుటుంబం చేయగల పెద్ద సాయం.

అవుట్‌పేషెంట్ పునరావాసం అంటే

రోగి ఇంట్లోనే ఉంటూ, నిర్ణయించిన రోజుల్లో ఆసుపత్రికి వెళ్లి శిక్షణ పొందడమే అవుట్‌పేషెంట్ పునరావాసం. నడక, నిలకడ, కండరాల బలం ఫిజియోథెరపిస్టు చూస్తారు. స్నానం, బట్టలు తొడుక్కోవడం, అన్నం కలుపుకోవడం వంటి నిత్యకృత్యాలు ఆక్యుపేషనల్ థెరపిస్టు నేర్పుతారు. మాట, మింగుడు స్పీచ్ థెరపిస్టు బాధ్యత.

మెదడులో దెబ్బతిన్న భాగం చేసే పనిని, మళ్లీ మళ్లీ అభ్యాసం చేస్తే, మిగిలిన భాగాలు కొంతవరకు నేర్చుకుంటాయి. మొదటి 3 నెలల్లో మార్పు వేగంగా ఉంటుంది. ఆ తరువాత వేగం తగ్గినా, మెరుగుదల అంతటితో ఆగిపోదు. థెరపిస్టు ముందు గడిపేది వారానికి కొన్ని గంటలే. అక్కడ నేర్చుకున్నదాన్ని ఇంట్లో రోజూ చేస్తేనే ఫలితం నిలుస్తుంది. అందుకే సంరక్షణ చూసేవారు కూడా రోగితోపాటు వెళ్లి, ప్రతి వ్యాయామాన్నీ చూసి, చేసి నేర్చుకోవాలి.

మాట పోయినప్పుడు ఏ భాష?

ఎక్కువ మందిలో భాషను నడిపేది మెదడు ఎడమ భాగం. అందువల్ల కుడి కాలూ చేయీ పడిపోయినవారిలో మాట కూడా పోవడం తరచుగా కనిపిస్తుంది. దీనిని అఫేసియా అంటారు. మాట రాకపోయినంత మాత్రాన తెలివి పోయినట్లు కాదు. కొందరికి ఎదుటివారు చెప్పేది చాలావరకు అర్థమవుతుంది, బదులు చెప్పడానికే మాట దొరకదు. మరికొందరు గడగడా మాట్లాడినా అందులో అర్థం కుదరదు.

బాగేపల్లి, చింతామణి ప్రాంతాల్లో చాలామంది మాట్లాడేది తెలుగే అయినా చదవడం, రాయడం కన్నడ లిపిలో నేర్చినవారు. ఆధార్ చిరునామా చూసి రోగి భాష కన్నడమని ఆసుపత్రిలో అనుకోవచ్చు. పేరు, మాట విని తెలుగు అక్షరాలున్న పలకను ముందు పెట్టవచ్చు. రెండూ పొరపాటే కావచ్చు. చిన్ననాటి భాష ఏది, పని చేసిన చోట మాట్లాడినది ఏది, పత్రిక చదివేది ఏ లిపిలో అన్న మూడు సంగతులు మొదటి రోజే స్పీచ్ థెరపిస్టుకు చెప్పాలి. అప్పుడు మాట అభ్యాసం తెలుగులోనూ, చదువు అభ్యాసం కన్నడ లిపిలోనూ సాగేలా ఏర్పాటు చేయవచ్చు.

రెండు భాషలు వచ్చినవారిలో ఒక భాష ముందుగా తిరిగి రావచ్చు. తెలుగు ప్రశ్నకు కన్నడంలో బదులు వస్తే దిద్దనక్కరలేదు. వచ్చిన మాటను అందుకుని సంభాషణ కొనసాగించాలి. రెండు భాషలు భారమవుతాయన్న భయమూ అనవసరం. హైదరాబాదులోని నిమ్స్ ఆసుపత్రిలో 608 మంది పక్షవాత రోగులపై డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం జరిపిన అధ్యయనం 2016లో వెలువడింది. పక్షవాతం తరువాత ఆలోచనాశక్తి సాధారణ స్థాయిలో నిలిచినవారు ఒకే భాష తెలిసినవారిలో 19.6 శాతం కాగా, ఒకటికి మించి భాషలు తెలిసినవారిలో 40.5 శాతం. అఫేసియా వచ్చే అవకాశంలో మాత్రం రెండు వర్గాల మధ్య తేడా కనిపించలేదు.

ఇంట్లో గమనించవలసినవి

మింగుడు: పక్షవాతం తరువాత గొంతు కండరాలు బలహీనపడితే ఆహారం ఊపిరితిత్తుల వైపు జారవచ్చు. రాగి ముద్దను నమలకుండా మింగే అలవాటు ఈ దశలో ప్రమాదకరం. పలుచని నీళ్లకు కూడా పొలమారవచ్చు. మింగుడు పరీక్ష జరిగి, థెరపిస్టు అనుమతించిన తరువాతే ముద్ద పెట్టాలి. తినేటప్పుడు రోగిని నిటారుగా కూర్చోబెట్టాలి.

భుజం: పడిపోయిన చేతిని పట్టి లాగి లేపకూడదు, భుజం కీలు జారి తీవ్రమైన నొప్పి మొదలవుతుంది.

చేతి పని: వేరుశనగ కాయలు ఒలవడం, గిన్నె నుంచి గిన్నెలోకి గింజలు తీయడం, తలుపు గడియ వేయడం వంటి ఇంటి పనులు మంచి అభ్యాసాలు.

మందులు: రక్తపోటు, మధుమేహం మందులను బాగుందనిపించినా వైద్యుని మాట లేకుండా ఆపకూడదు.

మనసు: పక్షవాతం వచ్చినవారిలో సుమారు మూడింట ఒక వంతు మందిలో కుంగుబాటు కనిపిస్తుంది. దానికీ చికిత్స ఉంది. టెలి మానస్ 14416 సంఖ్యకు ఉచితంగా ఫోను చేయవచ్చు.

కంటికి కనిపించని గాయం

తలకు దెబ్బ తగిలినవారు కొన్నిసార్లు చక్కగా నడుస్తారు, మాట్లాడతారు. అయినా మతిమరుపు, చిన్న మాటకే కోపం, పని మొదలుపెట్టి మధ్యలో వదిలేయడం మిగిలిపోతాయి. ఇంటివారు దీనిని మొండితనమనీ సోమరితనమనీ అనుకుంటారు. ఇవి గాయం ఫలితాలే. ఒక్కసారికి ఒక్క పని చెప్పడం, గోడమీద దినచర్య రాసి పెట్టడం, తగినంత విశ్రాంతి ఇవ్వడం మేలు చేస్తాయి. మానసిక నిపుణులు ఇచ్చే జ్ఞాపకశక్తి, ఏకాగ్రత శిక్షణ కూడా పునరావాసంలో భాగమే.

ఎక్కడికి వెళ్లాలి

బెంగళూరు హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్‌లో నాడీ పునరావాసానికి ప్రత్యేక విభాగం ఉంది. బాగేపల్లి నుంచి అది సుమారు 100 కిలోమీటర్ల దూరం. ప్రతి వారం అంత ప్రయాణం అందరికీ సాధ్యం కాదు. కర్ణాటక ప్రభుత్వం, నిమ్హాన్స్ కలిసి 2022లో ప్రారంభించిన కర్ణాటక మెదడు ఆరోగ్య కార్యక్రమానికి తొలుత ఎంచుకున్న ప్రాంతాల్లో చిక్కబళ్లాపురం జిల్లా ఒకటి. కాబట్టి ఊళ్లో ఉండే రోగిని తదుపరి పరీక్షలకు జిల్లా ఆసుపత్రిలో చూపించే వీలు ఉందేమో డిశ్చార్జి నాడే వైద్యుని అడిగి, సిఫారసు చీటీ రాయించుకోవాలి.

పత్రాలు, ప్రయాణం

డిశ్చార్జి చీటీ, స్కానింగు రిపోర్టులు, మందుల జాబితా ఒకే సంచిలో ఉంచాలి. దారిద్ర్యరేఖకు దిగువనున్న కుటుంబాలకు ఆయుష్మాన్ భారత్ – ఆరోగ్య కర్ణాటక పథకం ఏటా 5 లక్షల రూపాయల వరకు వర్తిస్తుంది. అది ప్రధానంగా ఆసుపత్రిలో చేరి పొందే చికిత్సకు ఉద్దేశించింది కనుక, థెరపీ ఖర్చు సంగతి ముందే విచారించుకోవాలి. వైకల్యం మిగిలితే 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ధ్రువపత్రానికి, యూడీఐడీ కార్డుకు దరఖాస్తు చేయవచ్చు. అనేక ప్రయోజనాలకు కనీసం 40 శాతం వైకల్యం నమోదు కావాలి. రోగి వెంట వెళ్లే మహిళలకు కర్ణాటక చిరునామా గల గుర్తింపు కార్డు ఉంటే, శక్తి పథకం కింద రాష్ట్ర ప్రభుత్వ సాధారణ బస్సుల్లో ప్రయాణం ఉచితం. అదే రహదారిపై వచ్చే ఆంధ్రప్రదేశ్ బస్సులకు ఇది వర్తించదు.

ఆలస్యం చేయకూడని వేళ

పక్షవాతం ఒకసారి వచ్చినవారికి మళ్లీ రావచ్చు. మూతి వంకర పోవడం, ఒక చేయి లేవకపోవడం, మాట తడబడడం హఠాత్తుగా కనిపిస్తే వెంటనే 108కి ఫోను చేయాలి. రక్తపు గడ్డను కరిగించే సూది మందు లక్షణాలు మొదలైన 4.5 గంటల లోపే ఇవ్వాలి. పసరు మందు, నూనె మర్దన అంటూ ఆ సమయాన్ని పోగొట్టుకోకూడదు. తల గాయమైనవారికి ఫిట్స్, ఆగని వాంతులు, మత్తు వంటివి కనిపించినా అంతే త్వరగా ఆసుపత్రికి చేర్చాలి.