పైలట్ నేలమీద, విమానం గాలిలో

అనంతపురం సముద్రమట్టానికి సుమారు 335 మీటర్ల ఎత్తులో ఉంది. ఏప్రిల్ మధ్యాహ్నం ఎండ 40 డిగ్రీలు తాకిందంటే ఇక్కడి గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.08 కిలోలకు పడిపోతుంది. సముద్రమట్టం దగ్గర, 15 డిగ్రీల వేడిమిలో అది 1.225 కిలోలు. అంటే పన్నెండు శాతం తక్కువ. ఊపిరి తీసుకునే మనకు ఈ తేడా తెలియదు, విమానం రెక్కకు తెలుస్తుంది.

పది కిలోల బరువు, చదరపు మీటరు రెక్కలు ఉన్న పెట్రోల్ ఇంజన్ రేడియో కంట్రోల్ విమానం ఒకటి తీసుకుందాం. సముద్రమట్టం దగ్గర గంటకు 42 కిలోమీటర్ల వేగంతో గాలిలో నిలబడగలిగేది, అనంతపురం ఎండలో 44 దాటితేగాని నిలబడదు. అంతేగా అనిపిస్తుంది. కానీ పలచని గాలి ఇంజన్ బలాన్నీ, ప్రొపెల్లర్ పట్టునూ కూడా తగ్గిస్తుంది. ఎక్కువ వేగాన్ని తక్కువ బలంతో అందుకోవాలి. గులకరాళ్ల ఎర్రనేలమీద పరుగు అంతకంతకూ సాగుతుంది. రామగిరి కొండలమీద గాలిమరలు తిప్పే గాలి కూడా పొద్దెక్కేకొద్దీ తోడవుతుంది. అందుకే కొత్త విమానాన్ని తొలిసారి ఎగరేయడానికి తెల్లవారుజామును మించిన వేళ లేదు.

ఇంజన్ సర్దుబాటు కూడా ఆ వేళే చేయాలి. మధ్యాహ్నపు పలచని గాలికి సరిపడా కార్బురేటర్ సూది బిగించి, మర్నాడు పొద్దున్నే ఎగరేస్తే చిక్కని గాలికి పెట్రోలు చాలదు. టూ స్ట్రోక్ ఇంజన్‌కు నూనె అందేది పెట్రోలుతోనే. అది తగ్గితే ఇంజన్ వేడెక్కి, పిస్టన్ పట్టేసే ప్రమాదం ఉంది.

ఇవన్నీ లెక్కకు అందేవి. అసలు కష్టం పైలట్ కిందే ఉండటం. లోపల కూర్చున్నవాడికి విమానం జారుతోందో, కుంగుతోందో ఒంటికే తెలుస్తుంది. కింద ఉన్నవాడికి ఉన్నది కన్నొక్కటే. మూడు మీటర్ల రెక్కలు మూడువందల మీటర్ల దూరంలో, చేయి చాచి పట్టుకున్న కందిగింజంత కనిపిస్తాయి. పైగా విమానం మనవైపు వస్తున్నప్పుడు దాని కుడి మనకు ఎడమ.

పెద్ద విమానాలకూ ఈ చిక్కు తప్పలేదు. 2009 నవంబరులో హోసూరు దగ్గర డీఆర్‌డీవో రుస్తుం-1 అనే మానవరహిత విమానాన్ని తొలిసారి ఎగరేసింది. పరుగు, పైకి లేవడం అనుకున్నట్టే జరిగాయి. ఎత్తు అంచనా తప్పడంతో నేలనుంచి ఆజ్ఞ ఇచ్చి ఇంజన్ ఆపేశారు. విమానం కూలిపోయింది. మరుసటి ఏడాది అక్టోబరులో అదే చోట విజయవంతంగా ఎగిరింది.

కాబట్టి గాలిలో ఒంటికి తెలియనిదాన్ని నేలమీదే తెలుసుకోవాలి. ఇద్దరు రెండు రెక్కల కిందా గుర్తుపెట్టిన చోట వేళ్లు ఆనించి ఎత్తుతారు, ట్యాంకు ఖాళీగా ఉంచి. ముక్కు కాస్త కిందికి వంగాలి. తోక కుంగితే అది ఎగరకూడని విమానం. తరువాత ట్రాన్స్‌మిటర్ బలం తగ్గించి దూరంగా నడుస్తూ రెక్క చివరి పలకలు కదులుతున్నాయా అని చూస్తారు. ఇంజన్ ఆపి ఒకసారి, నడిపించి మరోసారి. స్పార్క్ ప్లగ్ మెరిసినప్పుడల్లా రేడియో రొద పుడుతుంది. అది రిసీవర్‌ను తికమక పెట్టగలదు. నా దృష్టిలో ఇంజన్ నడిపిస్తూ చేసే ఈ పరీక్షే అన్నిటికన్నా ముఖ్యం.

పైకి లేచాక విన్యాసాలు వద్దు. సురక్షితమైన ఎత్తుకు తీసుకెళ్లి, ఇంజన్ తగ్గించి, ఏ వేగం దగ్గర పట్టు తప్పుతుందో, ఏ రెక్క ముందు వాలుతుందో చూడాలి. దిగేటప్పుడు ఎంత వేగం మిగుల్చుకోవాలో అక్కడే తెలుస్తుంది. కొద్ది నిమిషాలకే దించి, అదురుకు వదులైన మరలన్నీ వెతకాలి. ఎగిరినంతసేపూ, 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం, 25 కిలోల లోపు మోడల్ విమానం కంటిచూపు దాటకూడదు.

పెద్ద ఎత్తున ఇలాంటి పరీక్షలు మనకు దగ్గర్లోనే జరుగుతాయి. అనంతపురం నుంచి కల్యాణదుర్గం, రాయదుర్గం దాటి రాష్ట్ర సరిహద్దు అవతల చల్లకెరె దగ్గర డీఆర్‌డీవో పరీక్షా క్షేత్రం ఉంది. 2022 జులై 1న అక్కడ పైలట్ లేని విమానం ఒకటి తనంతట తానే లేచి, తిరిగి, దిగింది. 2023 ఏప్రిల్ 2న ఇస్రో పునర్వినియోగ ప్రయోగ వాహన నమూనా హెలికాప్టర్ నుంచి నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తున విడివడి అదే రన్‌వేమీద వాలింది. ఇలాంటి పనులకు విశాలమైన మైదానం కావాలి. అయితే చల్లకెరె మైదానాలను ఖాళీ నేల అనడానికి నాకు మనసొప్పదు. అవి తరతరాలుగా అమృతమహల్ పశువులూ, గొర్రెలమందలూ మేసిన ‘కావల్’ గడ్డిభూములు. వాటిమీద ఆధారపడ్డ ఊళ్లవాళ్లు ఆ భూముల కోసం హరిత ట్రిబ్యునల్‌దాకా వెళ్లారు.