వ్యాను హారన్ కొట్టేలోగా..

చెన్నై: పొద్దున్నే పిల్లాణ్ని నిద్ర లేపడం ఏ ఇంట్లోనైనా చిన్న గొడవే. 'అయిదు నిమిషాలమ్మా' అంటాడు. దుప్పటి ముసుగు తంతాడు. అమ్మ ఓ కేక వేస్తే లేచి కూర్చుంటాడు. ఆటిజం ఉన్న పిల్లల ఇంట్లో ఆ కేకే కొంప ముంచుతుంది. ఆరున్నరకు ఒక్క అరుపు అరిచారంటే ఏడున్నర వ్యాను తప్పినట్టే. ఆ తర్వాత నాన్న ఆఫీసుకు ఆలస్యం, అమ్మకు కన్నీళ్లు, పక్క వాటా వాళ్ల గుసగుసలు.. పెరంబూరైనా, విల్లివాక్కమైనా ఇదే కథ.

మొండితనం కాదు

'గారాబం ఎక్కువై ఇలా తయారయ్యాడు' అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అమెరికాలో డాక్టర్ లియో కానర్ 1943లో పదకొండు మంది పిల్లల గురించి రాసినప్పుడే ఈ సంగతి చెప్పారు. రోజూ జరిగేది జరిగినట్టే జరగాలని ఈ పిల్లలు పట్టుబడతారు. పళ్లు తోముకోకుండా ముందు స్నానం చేయించినా, నీలం బక్కెట్టు బదులు ఎర్రది పెట్టినా వాళ్లకు రోజు తలకిందులైనట్టే. దీనికి తోడు ఒళ్లంతా చెవులే. పేస్టు మంట, చొక్కా మెడ దగ్గర గుచ్చుకునే కంపెనీ లేబులు, వంటింట్లో మిక్సీ మోత.. మనకు పట్టనివి వాళ్లకు సూదుల్లా దిగుతాయి. లేబులు కత్తిరించేయడం, ఘాటులేని పేస్టు కొనడం, చట్నీ రాత్రే రుబ్బి పెట్టుకోవడం.. ఖర్చు లేని చికిత్సలివి. కొందరు పిల్లలకు మెత్తగా నిమిరితే చిరాకు, అరచేతితో గట్టిగా అదిమితే హాయి. ఎవరికి ఏది నప్పుతుందో కనిపెట్టాల్సింది ఇంట్లోవాళ్లే.

అసలు చాలామందికి రాత్రే సరిగా నిద్ర పట్టదు. ఆటిజం ఉన్న పిల్లల్లో సగానికి పైగా నిద్ర సమస్యలు ఉంటాయన్నది వైద్యులు ఒప్పుకునే లెక్క. ఒంటిగంట దాకా దొర్లినవాణ్ని ఆరింటికి లేపితే ఏం లేస్తాడు? అందుకే పొద్దుటి పని రాత్రి ఎనిమిదింటికే మొదలవ్వాలి. టీవీ, సెల్‌ఫోను కట్టేయాలి. రోజూ ఒకే వేళకు, ఒకే చోట పడుకోబెట్టాలి. అలవాట్లు మార్చి చూశాకే మెలటోనిన్ మందు గురించి ఆలోచించాలని అమెరికా నరాల వైద్యుల అకాడమీ 2020లో సూచించింది. అదీ డాక్టరు రాస్తేనే.

గోడ మీద బొమ్మలు

చెప్పిన మాట గాల్లో కలిసిపోతుంది, బొమ్మ ఎదురుగా ఉంటుంది. ఈ చిన్న కిటుకునే ఎరిక్ షోప్లర్ బృందం 1972 నుంచి నార్త్ కరోలినాలో 'టీచ్' పేరుతో పద్ధతిగా నడిపింది. దానికి అమెరికా సామగ్రి అక్కర్లేదు. మీ ఇంటి బాత్రూం, వాడి బ్రష్షు, వాడి యూనిఫాం, టిఫిన్ పళ్లెం.. సెల్‌ఫోనులో ఫొటోలు తీసి, ప్రింటు వేయించి వరసగా గోడకు అంటిస్తే చాలు. ఒక పని అయ్యాక ఆ బొమ్మ వాడే తిప్పేయాలి. 'ముందు పళ్లు, తర్వాత ఇడ్లీ' అని రెండు ముక్కల్లో చెప్పి, కాసేపు నోరు మూసుకోవాలి. మాట బుర్రకు ఎక్కడానికి వాళ్లకు కొన్ని సెకన్లు కావాలి. ఈలోగా పదిసార్లు అంటే పదిసార్లూ మళ్లీ మొదటికే.

బట్టలు వేసుకోవడం నేర్పేటప్పుడు తోకనుంచి రావాలంటారు థెరపిస్టులు. నిక్కరు నడుము దాకా అమ్మ తొడుగుతుంది, చివరగా పైకి లాగే పని పిల్లాడిది. పని పూర్తిచేసింది వాడే కదా, ఆ సంతోషమూ వాడిదే. అది వచ్చాక మోకాలి నుంచి, ఆ తర్వాత పాదం నుంచి. నెలలు పడుతుంది మరి.

'లే'నా.. 'ఎళుందిరు'నా?

చెన్నై తెలుగిళ్లకు ప్రత్యేకంగా ఉన్న చిక్కు ఇది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, స్కూల్లో ఇంగ్లిషు. 'మూడు భాషలతో తికమక పడతాడు, ఒక్కటే మాట్లాడండి' అనే సలహా వినని తల్లి అరుదు. అలా తెలుగు మానేసి, రాని ఇంగ్లిషులో కొడుకును లాలించే అమ్మమ్మలు తయారయ్యారు. మాంట్రియల్ పరిశోధకులు 75 మంది ఆటిజం పిల్లలను పరిశీలించి 2012లో తేల్చింది వేరు. రెండు భాషలు వినే పిల్లలకు అందువల్ల అదనంగా మాట వెనకబడటం ఏమీ లేదు. కాబట్టి ఇంట్లో 'లే నాన్నా' అనే అనొచ్చు. ఇవాళ 'లే', రేపు 'గెటప్', ఎల్లుండి ఇంకోటి కాకుండా లేపేమాట రోజూ ఒకటే అయితే చాలు. స్కూల్లో వాడే మాటలు రాయించుకుని, అవే బొమ్మలు ఇంట్లోనూ పెట్టుకుంటే రెండు చోట్లా పని సులువవుతుంది.

సాయం కావాలంటే ఈస్ట్ కోస్ట్ రోడ్డులో ముట్టుకాడు దగ్గర 2005లో మొదలైన కేంద్ర ప్రభుత్వ బహుళ వైకల్యాల సంస్థ ఉంది. కొట్టూర్‌పురంలో 1985 నుంచి విద్యాసాగర్ పనిచేస్తోంది. 1999 నేషనల్ ట్రస్టు చట్టం కిందికి వచ్చే 'నిరామయ' ఆరోగ్య బీమాలో ఏడాదికి లక్ష రూపాయల దాకా వస్తుంది, థెరపీ ఖర్చులూ అందులో ఉన్నాయి. వైకల్య ధ్రువపత్రం మాత్రం తప్పనిసరి.

వాన సెలవు వస్తే..

అన్నీ సర్దుకున్నాయనుకునేసరికి అక్టోబరు వచ్చేస్తుంది. ఈశాన్య రుతుపవనాల వాన కురిసిన తెల్లవారు కలెక్టరు సెలవు ప్రకటిస్తారు. మిగతా పిల్లలకు పండగ. ఈ పిల్లాడికి మాత్రం గోడ మీద బొమ్మలన్నీ తిప్పేశాక వ్యాను రాలేదు. ఎందుకు రాలేదో వాడికి అర్థం కాదు, బూట్లు విప్పనివ్వడు. అందుకే ఓ 'వాన-సెలవు' బొమ్మ ముందే తయారు చేసుకోవాలి. పొద్దున కబురు తెలియగానే వ్యాను బొమ్మ తీసి, దాని చోట అది అంటించాలి. యూనిఫాం వేసేశాక కబురొచ్చిందా.. గొడుగు పట్టుకుని వీధి చివర వ్యాను ఆగే చోటుదాకా వెళ్లి, ఖాళీ రోడ్డు చూపించి వెనక్కి రావడమే.