మూత్రంలో మంటా? మందు పూర్తిగా వాడండి

అమ్మా! మూత్రానికి వెళ్తే మంట, మాటిమాటికీ వెళ్ళాలనిపించడం — ఇవి క్రిముల వల్ల వచ్చే జబ్బు లక్షణాలు కావచ్చు. "వేడి చేసిందిలే" అని ఊరుకోకండి. సిగ్గుపడి దాచుకోకండి.

డాక్టరు నైట్రోఫ్యూరంటాయిన్ రాస్తే, అన్నం తిన్న వెంటనే వేసుకోండి. మూత్రం ముదురు పసుపుగా వస్తే భయం లేదు. రెండు రోజులకే మంట తగ్గినా, చెప్పినన్ని రోజులూ, సాధారణంగా 5 రోజులు, మానకుండా వాడాలి. లేకుంటే మిగిలిన క్రిములు మళ్ళీ పెరుగుతాయి.

నెల తప్పినా, నెలలు నిండుతున్నా, మూత్రపిండాల జబ్బున్నా ముందే చెప్పండి. అవసరమైతే మందు మారుస్తారు.

ఈ మందు గర్భనిరోధక మాత్రల పనిని చెడగొట్టదు. వాటిని ఆపవద్దు. మాత్ర మింగిన కాసేపటికే వాంతయితే మరొకటి వేసుకోండి.

చలిజ్వరం, వీపు నొప్పి వస్తే ఆలస్యం చేయక ఆరోగ్య కేంద్రానికి రండి.